బాలచందర్ సినిమాలతో పెరిగినవాళ్ళం

బాలచందర్ గారి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియకముందే ఆయన కథలు మా ఇంట్లోకి వచ్చేశాయి. రేడియోలో ‘ఇది మల్లెల వేళయనీ’ వస్తే అమ్మ పొయ్యి మీద పప్పు సంగతి మర్చిపోయి నిలబడిపోయేది. ఆ పాట ఉన్న ‘సుఖదుఃఖాలు’ 1968లో వచ్చింది. దానికి మూలం ‘మేజర్ చంద్రకాంత్’ అనే తమిళ నాటకమనీ, ఆ నాటకం రాసినాయన మద్రాసులో అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో పనిచేస్తూ సాయంత్రాలు నాటకాలు వేయించేవారనీ విశాఖపట్నంలో మాకెవరు చెప్తారు? హీరో చలం వేసిన ‘సంబరాల రాంబాబు’ కూడా అంతే. ‘మామా చందమామా’ అని వీధిలో పిల్లలందరం గొంతు చించుకునేవాళ్ళం. అదీ ఆయన కథే, ‘ఎదిర్ నీచ్చల్’. ఆ రెండు తెలుగు సినిమాలూ తీసింది వేరేవాళ్ళు. ఆయన స్వయంగా వచ్చి ‘భలే కోడళ్ళు’, ‘సత్తెకాలపు సత్తెయ్య’, ‘బొమ్మా బొరుసా’ తీసినా, మేం ‘చలం సినిమా’ అనీ ‘ఎస్. వరలక్ష్మి అత్తగా వేసిన సినిమా’ అనీ చెప్పుకున్నామే గానీ డైరెక్టరు ఎవరని ఒక్కరూ అడగలేదు.

తంజావూరు జిల్లా నన్నిలంలో 1930 జూలై 9న పుట్టారాయన. జువాలజీలో డిగ్రీ, కొన్నాళ్ళు బడిపంతులు ఉద్యోగం, తర్వాత ఏజీ ఆఫీసు. 1965లో ‘నీర్‌కుమిళి’తో డైరెక్టరయ్యారు. ఆఫీసు వదిలేశారు గానీ ఆఫీసు ఆయన్ని వదల్లేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆయన సినిమాల్లో జనం టైముకి బస్సెక్కుతారు. ఒకటో తారీఖు కోసం ఎదురుచూస్తారు. ఇంటద్దె, పాలవాడి బాకీ, అప్పుగా తెచ్చిన కాఫీ పొడి... అప్పటి మన సినిమాల్లో హీరోకి ఇన్ని లెక్కలుండేవి కావు. జమీందారో, రిక్షావాడో తప్ప మధ్యలో గుమాస్తా కొంప ఒకటుంటుందని ఎవరికీ గుర్తొచ్చేది కాదు. మాది ఆ కొంపే.

1976లో ‘అంతులేని కథ’ వచ్చింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. నాన్నకి ఒంట్లో బాగుండక ఉద్యోగం ముందే మానుకోవలసి వచ్చింది. అక్క ఎస్సెల్సీ అవగానే టైపు హయ్యరు, షార్ట్‌హ్యాండు నేర్చుకుని ఒక ఆఫీసులో చేరింది. ఆ సినిమా గురించి ఎవరో చెప్తే అమ్మే అందర్నీ బయల్దేరదీసింది.

అందులో జయప్రద వేషం పేరు సరిత. తండ్రి సన్యాసుల్లో కలిసిపోయాడు. అన్న తాగుబోతు, వాడికి పెళ్ళాం పిల్లలు. ఇంట్లో విధవ చెల్లెలు, గుడ్డి తమ్ముడు. అందరి కంచాలూ ఈ పిల్ల జీతం మీదే. ఆ తాగుబోతు అన్న రజనీకాంత్, తెలుగులో అతని మొదటి సినిమా. ఇల్లు గడవని ఇంట్లో కూర్చుని ‘దేవుడే ఇచ్చాడు వీధి ఒకటి’ అని జేసుదాసు గొంతుతో దర్జాగా పాడేస్తుంటే హాల్లో ఆడవాళ్ళు పైకే తిట్టారు. తనని ప్రేమించినవాడు చెల్లెలి వైపు మొగ్గితే సరిత దగ్గరుండి ఆ పెళ్ళి చేస్తుంది. చివరికి తన పెళ్ళి పీటల దాకా వస్తే దాన్నీ వదులుకుని మళ్ళీ ఆఫీసుకి బయల్దేరుతుంది. ‘శుభం’ కార్డు కోసం ఎదురుచూసి చూసి లైట్లు వేశాక గానీ మేం లేవలేదు.

అమ్మ ఇంటికొచ్చేదాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. అక్కకి మాత్రం సినిమా నచ్చలేదు. “అంతేసి డైలాగులు చెప్పే ఓపిక దానికెక్కడిదే? ఇంటికొచ్చాక నాకు కాళ్ళు లాగుతాయి గానీ మాటలు రావు” అంది. ఈ సినిమా మీద ఆ తర్వాత ఎన్నో వ్యాసాలు చదివాను. ఎవరూ ఇంత గట్టి విమర్శ చేయలేదు. కానీ ఆ నెల ఒకటో తారీఖున అక్క జీతం కవరు చేతికిస్తే అమ్మ తీసుకోలేదు. “నీ దగ్గరే ఉండనీ, కావలిస్తే అడుగుతాను” అంది. అక్క తెల్లబోయింది. రెండోనాడే పాలవాడొచ్చి నిలబడ్డాడు, అమ్మ అడగనే అడిగింది, అది వేరే సంగతి. అయినా అడగడమంటూ మొదలయింది. అంతకుముందు కవరు తిన్నగా దేవుడి గూట్లోకి వెళ్ళిపోయేది.

ఆ సినిమా తమిళంలో ముందే వచ్చిందని, అక్కడ ఆ వేషం సుజాత వేసిందని మా పక్కింటి మామి చెప్పింది. మామి వాళ్ళది కుంభకోణం. మామ పోర్టులో పనిచేసేవారు. విశాఖలో పోర్టు, రైల్వే, షిప్‌యార్డు పుణ్యమా అని అరవ కుటుంబాలు చాలా ఉండేవి. మామి తెల్లవారకుండా వాకిట్లో ముగ్గు పెట్టి, ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ దించి, ఆ వాసన మా గోడ మీంచి పంపేది. బాలచందర్ అంటే ఆవిడకి సొంత మేనమామ లెక్క. “మా పక్క ఊరేనే ఆయనది” అనేది. నన్నిలానికీ కుంభకోణానికీ దూరమెంతో మాకు తెలియదు కనక ఒప్పేసుకునేవాళ్ళం.

ఆ మామితోనే 1978లో ‘మరో చరిత్ర’ చూశాను. సినిమా సంగతి తర్వాత. ముందు మా ఊరు. సినిమాలో మా ఊరు! అప్పటిదాకా సినిమా అంటే మద్రాసు. వాహినీలోనో ఏవీఎంలోనో వేసిన సెట్లు, లేకపోతే గోదావరి. మేం రోజూ చూసే సముద్రం, భీమిలి వెళ్ళే రోడ్డు, ఆ కొండలు తెర మీదికి వచ్చేసరికి హాలంతా ఒకటే గోల. “అదిగో మనం దిగే చోటు!” “ఇదెక్కడో చెప్పుకో!” అని వెనక వరసల్లోంచి కేకలు. మొదటి ఆటలో కథ ఎవరికీ బుర్రకెక్కి ఉండదు. రెండోసారి కథ కోసం వెళ్ళాలి.

కలర్ సినిమాలు బాగా అలవాటయిపోయిన రోజుల్లో ఆయన దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. లోకనాథ్ కెమెరా. ఎండలో మిట్టమధ్యాహ్నం సముద్రం ఎలా మెరుస్తుందో రంగుల్లో ఇంకెవరు తీసినా నాకు ఆనలేదు. మేం రోజూ చూసేది నీలం రంగు సముద్రమే అయినా, నాకు కళ్ళు మూసుకుంటే వచ్చే విశాఖ సముద్రం నలుపూ తెలుపే.

కథ అందరికీ తెలిసిందే. తమిళ బ్రాహ్మల కుర్రాడు బాలు, పక్కింటి తెలుగమ్మాయి స్వప్న. కమల్ హాసన్, కొత్తమ్మాయి సరిత. ఇద్దరి ఇళ్ళూ ఒకరి భాషని ఒకరు సహించవు. ఏడాది పాటు మాటా పలుకూ లేకుండా విడిగా ఉండాలని పెద్దలు షరతు పెడతారు. బాలు హైదరాబాదు వెళ్తాడు, అక్కడ మాధవి. ఇక్కడ స్వప్న. వాళ్ళమ్మ బాలు ఫొటో తగలబెట్టేస్తే ఆ బూడిద కప్పులో కలుపుకుని తల్లి ఎదురుగానే గటగటా తాగేస్తుంది. హాల్లో “అమ్మా!” అన్నారెవరో. నాకు సరిత ఎందుకు నచ్చిందంటే, ఆ పిల్ల మా క్లాసులో అమ్మాయిలా ఉంది. నల్లగా, పెద్ద కళ్ళు, మామూలు ఓణీ. సినిమా హీరోయిన్ అంటే తెల్లగా ఉండాలని అప్పటిదాకా మాకెవరూ చెప్పకుండానే తెలుసు. ఆ సినిమా తర్వాత మా వీధిలో నల్లటి ఆడపిల్లలకి కొంచెం టెక్కు పెరిగిన మాట వాస్తవం.

బాలు ఇంట్లో వాళ్ళు తమిళంలో మాట్లాడుకుంటుంటే మామి నాకూ అమ్మకీ చెవిలో అర్థం చెప్పేది. కాసేపటికి ముందు వరసలో వాళ్ళు కూడా “ఏమన్నాడండీ?” అని వెనక్కి తిరగడం మొదలెట్టారు. ఆ పూట మామి హాలుకంతటికీ పెద్ద. బాలు అమ్మానాన్నల మీద జనం విసుక్కున్నప్పుడు మాత్రం “వాళ్ళూ మనుషులే కదా, కొడుకు మీద ఆశ ఉండదా” అని వాదించింది. స్వప్న తల్లిని తిట్టినప్పుడు అమ్మ ఊరుకుందా? ఇంటికొచ్చే దారంతా ఇద్దరూ చెరో వియ్యపురాలి తరఫునా మాట్లాడుకున్నారు. సినిమాలో ఆ తల్లిదండ్రులు అలా మాట్లాడుకుని ఉంటే ఆ పిల్లలు బతికేవాళ్ళు.

మద్రాసులో ఆ సినిమాని తమిళంలోకి డబ్ చేయలేదు. తెలుగులోనే మౌంట్ రోడ్డు సఫైర్ థియేటర్లో 596 రోజులు ఆడింది. బెంగుళూరులోనూ ఏళ్ళ తరబడి ఆడింది. సగం తమిళం సగం తెలుగు సినిమా అది, డబ్ చేస్తే ఇక అందులో గొడవేముంది? 1981లో ఎల్.వి. ప్రసాద్ గారు హిందీలో ‘ఏక్ దూజే కే లియే’ తీయించారు. గాయకుడు ఎస్పీ బాలూ గారికి ఆ పాటలకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ అది గోవాలో జరుగుతుంది. గోవా అందంగానే ఉంటుంది, కాదనను. ఇక 2010లో మళ్ళీ తెలుగులో అమెరికా నేపథ్యంతో తీసినప్పుడు నేను హాలు దాకా వెళ్ళలేదు.

పాటల్లో ఆ లిఫ్టు పాట చెప్పాలి. లిఫ్టు ఆగిపోతే ఇద్దరూ సినిమా పేర్లు మాత్రమే గుచ్చి పాట కడతారు, ‘కలసి ఉంటే కలదు సుఖము’ అంటూ. ఆత్రేయ గారి చమత్కారం. సెలవుల్లో పిన్ని పిల్లలు వస్తే ఆ పాట పెట్టుకుని ఒక్కో పేరూ పట్టుకోవడం మాకు పెద్ద ఆట. ‘ఏ తీగ పూవునో’ మొదలైతే మాత్రం ఆట ఆగిపోయేది.

ముగింపు గురించి ఒక మాట. ఇద్దరూ చచ్చిపోవడం నాకప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆయనకి చాలాచోట్ల ఈ జబ్బు ఉంది. పాత్రలు బతకడానికి కావలసినంత తెలివి వాళ్ళకిచ్చి, చివరి రీల్లో తనే చేయి అడ్డం పెడతారు.

ఒక్క ‘ఇది కథ కాదు’లో అలా చేయలేదు. 1979. జయసుధని పీడించే మొగుడు చిరంజీవి. ఇప్పటివాళ్ళకి చెప్తే నమ్మరు. పాత ప్రేమికుడు శరత్‌బాబు. బొమ్మని చేతిలో పట్టుకుని దాని నోటితో తన మనసులో మాట చెప్పించే మూగప్రేమికుడు కమల్. ముగ్గురిలో ఎవరో ఒకరితో ముడిపెట్టి పంపేస్తారనుకుంటాం. ఆవిడ బిడ్డని తీసుకుని రైలెక్కేస్తుంది. తోడు ఎవరొచ్చారు? అత్తగారు! అమ్మ అప్పుడు కూడా ఏడ్చింది గానీ ఈసారి ఏడుపు వేరు. అక్కకి కూడా ఇది నచ్చింది. “ఇందులో డైలాగులు ఆ బొమ్మ చెప్పింది కాబట్టి సరిపోయింది” అంది.

అదే ఏడాది ‘గుప్పెడు మనసు’. బాలమురళీకృష్ణ గారి ‘మౌనమే నీ భాష’ కోసమైనా ఆ సినిమా బతుకుతుంది. ‘అందమైన అనుభవం’ సింగపూరు చూపించింది, పాటలు బావున్నాయి, అంతే. 1981లో ఒక దాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. ‘తొలికోడి కూసింది’, ‘ఆడవాళ్ళూ మీకు జోహార్లు’, ‘47 రోజులు’. అన్నీ చూశాను. అన్నీ గుర్తులేవు.

గుర్తున్నది ఆ ఏడాది సంక్రాంతికి కొంచెం ముందు వచ్చిన ‘ఆకలి రాజ్యం’. ఇది అన్నయ్య సినిమా. బీకాం పాసై ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ తిరిగే రోజులవి. అన్నయ్య, వాడి స్నేహితులు రామకృష్ణా బీచిలో కూర్చుని ‘మహాప్రస్థానం’ పైకి చదువుకునేవాళ్ళు. అలాంటి వాళ్ళకి తెర మీద కమల్ హాసన్ ఢిల్లీ వీధుల్లో ఉద్యోగం కోసం తిరుగుతూ శ్రీశ్రీని అప్పజెప్తుంటే ఏమవుతుంది? మొదటి రోజు చూసొచ్చి రాత్రి అన్నం తినలేదు. అమ్మ ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకు చూసింది.

తమిళంలో అదే హీరో భారతియార్ కవితలు చెప్తాడు. తెలుగుకొచ్చేసరికి భారతి బదులు శ్రీశ్రీని పెట్టారు. మాటకి మాట అనువాదం చేసి ఊరుకోవచ్చు, చాలామంది అదే చేశారు. ఈయన మాత్రం ఈ ఆకలికి, ఈ కోపానికి తెలుగు కుర్రాడి నోట ఎవరి మాట వస్తుందో వెతికారు. ఆ దొరికిన కవి మా విశాఖపట్నంలో పుట్టినవాడు. అన్నయ్య బ్యాచికి ఇది బాలచందర్ గారు తమకి స్వయంగా రాసిన ఉత్తరమే అనిపించింది.

అందులో నాకు వదలని సీను, అన్నం సీను. ఇంట్లో గింజ లేదు. శ్రీదేవి వస్తుంది. పరువు పోకుండా స్నేహితులు తలుపేసుకుని, ఖాళీ కంచాలు ముందు పెట్టుకుని, అది వడ్డించు ఇది వడ్డించు అని కేకలేసుకుంటూ భోంచేస్తున్నట్టు నటిస్తారు. హాల్లో ముందు అందరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడ ఆపామో తెలీదు. ఆ వెంటనే అదే సినిమాలో ‘కన్నెపిల్లవని కన్నులున్నవని’ కూడా ఉంది చూడండి. శ్రీదేవి ఉత్త రాగం తీస్తుంది, అతను అక్కడికక్కడే దానికి మాటలు అతుకుతాడు. ఆవిడ కావాలని మెలికలు పెడుతుంది, అతను విప్పుతాడు. ఎమ్మెస్ విశ్వనాథన్, ఆత్రేయ గార్లు గదిలో కూర్చుని పాట కట్టే పద్ధతినే ఇద్దరు ప్రేమికులకి ఆటగా ఇచ్చేశారు. ఆకలి సినిమాలో ఇంత సరదా పాట పెట్టే ధైర్యం చాలామందికి ఉండదు.

చివర్లో హీరో క్షవరశాలలో పనికి కుదురుకుంటాడు. నాన్నకి ఒళ్ళు మండిపోయింది. “డిగ్రీ చదివి మంగలి పనా!” అన్నారు. “అదే కదా నాన్నా సినిమా” అన్నాడు అన్నయ్య. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఆ మరుసటేడు అన్నయ్య దరఖాస్తులు పెట్టడం మానేసి పూర్ణా మార్కెట్ దగ్గర స్టేషనరీ కొట్టు పెట్టుకున్నాడు. సినిమా ప్రభావమని వాడు ఇప్పటికీ చెప్పుకుంటాడు. మా బావగారు డబ్బు సర్దడం వల్ల పెట్టాడని నాకు తెలుసు.

‘రుద్రవీణ’ నాటికి నాకు పెళ్ళయి రాజమండ్రిలో ఉన్నాను. 1988 మార్చి. చిరంజీవి సినిమా అంటే తెల్లవారకముందే కటౌట్లు, పాలాభిషేకాలు. అలాంటి చిరంజీవికి, తమ్ముడు నాగబాబు నిర్మాతగా, శాస్త్రీయ సంగీతం పాడే పంతులుగారి కొడుకు వేషం! మేం వెళ్ళిన ఆటకి హాలు సగం కూడా నిండలేదు. ఇంటర్వెల్లో మా ఆయన బయటికెళ్ళొచ్చి “ఫైట్లు లేవంటున్నారు, కుర్రాళ్ళు వెళ్ళిపోతున్నారు” అన్నారు. నేను కదల్లేదు. బిలహరి గణపతిశాస్త్రిగా జెమినీ గణేశన్. తన సంగీతానికి మైల తగులుతుందని ఊరిని దూరం పెట్టే పెద్దాయన. ఊరి తాగుడు, ఊరి ఆకలి పట్టించుకునే కొడుకు. ఇళయరాజా సంగీతం. ‘తరలిరాద తనే వసంతం’ వస్తుంటే మా వెనకాయన “అబ్బ” అన్నాడు, అంతే, తర్వాత ఆ పాట అయ్యేదాకా చప్పుడు లేదు.

డబ్బులు రాలేదు. జాతీయ సమైక్యతకి నర్గీస్ దత్ అవార్డు, ఇళయరాజాకి సంగీతానికి, బాలూ గారికి ‘చెప్పాలని ఉంది’ పాటకి జాతీయ అవార్డులు వచ్చాయి. అదే ఏడాది కమల్‌తో తమిళంలో ‘ఉన్నాల్ ముడియుం తంబి’గా తీశారు. తమిళం నుంచి తెలుగుకి కాకుండా తెలుగు నుంచి తమిళానికి వెళ్ళిన కథ.

ఆ రోజు టైటిల్స్ చూస్తుంటే ఒక సంగతి తట్టింది. పాటలు సిరివెన్నెల, అనకాపల్లిలో పెరిగినవాడు. మాటలు గణేశ్ పాత్రో, పార్వతీపురం. ‘మరో చరిత్ర’కీ ‘ఆకలి రాజ్యం’కీ కూడా ఆయనే మాటలు. ఆ ‘ఆకలి రాజ్యం’లో శ్రీశ్రీ, ‘మరో చరిత్ర’లో సముద్రం. తంజావూరు వైపు నుంచి వచ్చిన మనిషి తెలుగులో నోరు తెరిచినప్పుడల్లా ఆ నోట మా ఉత్తరాంధ్ర మాటే ఎలా వచ్చింది? ఆత్రేయ గారిది నెల్లూరు వైపు, ఆయన్ని లెక్కలోకి తెస్తే నా సిద్ధాంతం నిలవదు. అందుకే తేను. అయినా నన్నిలం ఇప్పుడు తిరువారూరు జిల్లాలో ఉంది. త్యాగయ్య పుట్టిన తిరువారూరు. ఆ నేలకి తెలుగు వినడం కొత్తేమీ కాదు.

2010 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారాయనకి. 2014 డిసెంబర్ 23న చెన్నైలో పోయారు. టీవీలో రజనీ, కమల్ గురించే చెప్పారంతా. రజనీని సినిమాల్లోకి తెచ్చిందీ ఆయనే, కమల్‌ని నటుడిగా సానపెట్టిందీ ఆయనే, చెప్పాల్సిందే. రెండు వారాలు తిరక్కుండా 2015 జనవరి 5న గణేశ్ పాత్రో గారూ పోయారు. పేపర్లో చిన్న వార్త. అన్నయ్య కొట్లో కూర్చుని ఫోన్ చేశాడు. “డైరెక్టరుకి అక్కడ మాటలు కావలసొచ్చినట్టున్నాయే” అన్నాడు.

అక్క మనవరాలు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. మొన్న ఫోన్లో ‘ఆకలి రాజ్యం’ చూసిందట. “చిన్నమ్మమ్మా, నెక్స్ట్ ఏది చూడను?” అని అడిగింది. ‘మరో చరిత్ర’ అన్నాను, ఇంకేం చెప్తాను. పక్కన కూర్చున్న అక్క ఫోన్ లాక్కుని “అది తర్వాత చూద్దువు గానీ, ముందు ‘ఇది కథ కాదు’ చూడు” అంది. పిల్ల అక్క మాటే విన్నది. రాత్రి పదకొండు గంటలకి ఫోన్ చేసి “ఆ చిరంజీవిని చెంప పగలగొట్టాలనిపించింది” అంది. అక్కకి స్పీకర్లో వినిపించాను.